పోటీ రోజు చేతులు వణుకు, కాస్ట్యూమ్ వేసుకోవాలంటే సిగ్గు: బరువు ఇంకా దించాలా?

ఇక్కడ ఒక తమ్ముడు రాసి పంపిన ప్రశ్న పొడవుగా ఉంది. కొత్తగా చదివేవాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. వయసు ఇరవై, ఊరు రాజాం దగ్గర. వెయిట్‌లిఫ్టింగ్ చేస్తాడు. మామూలుగా ఒంటి బరువు 75 కేజీల దాకా ఉంటుంది, పోటీ మాత్రం 71 కేజీల కేటగిరీలో చేస్తున్నాడు. ప్రాక్టీస్‌లో స్నాచ్ (బార్‌ని నేల మీంచి ఒకే ఊపులో నెత్తి మీదికి లేపడం) 105 కేజీలు లేపేవాడు పోటీలో 97 దగ్గరే మొదటి అటెంప్ట్ పోగొట్టుకుంటున్నాడు. ముందురోజు రాత్రి నిద్ర ఉండదు, పొద్దున్నే వాంతి, బార్ పట్టుకుంటే చేతులు వణుకు. ఇంకో బాధ కూడా ఉంది, మొహమాటపడుతూ చివర్లో రాశాడు: కాస్ట్యూమ్ (ఒంటికి అతుక్కుని ఉండే పోటీ దుస్తులు) వేసుకుంటే పొట్ట, ఛాతీ కనబడుతున్నాయని, జనం తన లిఫ్ట్ చూడటం మానేసి ఒళ్లు చూస్తున్నారని అనిపిస్తోందట. ఫోన్‌లో కనిపించే బాడీలతో పోల్చుకుని కుంగిపోతున్నాడు. జిమ్‌లో ఒకాయన ‘కటింగ్ టాబ్లెట్లు’ ఇప్పిస్తానన్నాడు. ఇంట్లో నాన్నగారు "మగపిల్లాడివి, భయమేటిరా" అంటున్నారు. అడిగినవి మూడు: నాకు ధైర్యం తక్కువా? బరువు ఇంకా దించాలా? ఆ టాబ్లెట్లు వాడొచ్చా?

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను.

ధైర్యం తక్కువ కాదు. బరువు దించొద్దు, పై కేటగిరీకి వెళ్లు. టాబ్లెట్లు ముట్టుకోవద్దు. నువ్వు భయం అనుకుంటున్నదాంట్లో సగం ఆకలి, దాహం. మిగతా సగంలో ఎక్కువ భాగం నీ ఒంటి గురించి నీకున్న సిగ్గు. ఇవి రెండూ తీసేస్తే మిగిలే టెన్షన్ ప్రతి ఆటగాడికీ ఉండేదే, దానితో బతకడం నేర్చుకోవచ్చు.

నేను విజయనగరం జిల్లాలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. లిఫ్టింగ్, కబడ్డీ కుర్రాళ్లతోనే సర్వీసంతా గడిచింది, ఇప్పటికీ సాయంత్రం గ్రౌండుకి వెళ్తాను. డాక్టర్ని కాను, కాబట్టి వైద్యం సంగతి వచ్చిన చోట డాక్టర్ దగ్గరికి పొమ్మనే చెబుతాను. మిగతాదంతా కుర్రాళ్ల పక్కన నిలబడి చూసింది.

ఆకలి సంగతి ముందు ఎందుకు ఎత్తానంటే, ఎవరూ దాన్ని భయంతో కలిపి చూడరు. జిల్లా సెలక్షన్ ఉదయం ఏ స్టేడియానికైనా వెళ్లి మెట్ల మీద కూర్చున్న కుర్రాళ్లను చూడు. ఒకడు ఏప్రిల్ ఎండలో జెర్కిన్ మీద జెర్కిన్ తొడుక్కుని, లోపల ప్లాస్టిక్ కవరు చుట్టుకుని పరిగెడుతుంటాడు. ఇంకొకడు చూయింగ్ గమ్ నములుతూ ఖాళీ సీసాలోకి ఉమ్మి వేస్తుంటాడు, ఒంట్లో నీళ్లు ఆ రకంగా కూడా పోతాయని. పెదాలు తెల్లగా పగిలి ఉంటాయి. పలకరిస్తే రెండోసారి అడిగితే గానీ బదులు రాదు. స్కేలు ఎక్కుతాడు, 200 గ్రాములు ఎక్కువుంటుంది, మళ్లీ పరుగు. చివరికి బరువు సరిపోతుంది. వాడికి అప్పుడు మిగిలేదెంత? వెయిట్ చూడటం పోటీకి రెండు గంటల ముందు మొదలై గంటసేపు సాగుతుంది. ఆఖరి నిమిషంలో బరువు సరిపెట్టినవాడికి గంట మాత్రమే దొరుకుతుంది. ఆ గంటలో నీళ్లు తాగాలి, ఏదో తినాలి, వార్మప్ చేయాలి.

ఆ స్థితిలో ఒళ్లు ఎలా ఉంటుందో చూద్దాం. నీళ్లు తగ్గితే రక్తం పరిమాణం తగ్గుతుంది, అందుకని గుండె వేగంగా కొట్టుకోవాలి. రక్తంలో చక్కెర తగ్గితే ఒళ్లు అడ్రినలిన్ అనే హార్మోన్ వదులుతుంది. దాంతో చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, కడుపులో తిప్పుతుంది. కండరంలో దాచుకున్న గ్లైకోజెన్ (తిన్న పిండిపదార్థం నిల్వ) కూడా ఖర్చయిపోయి ఉంటుంది, ఒక్కో గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి తిండి మానేసిన మొదటి రెండు రోజుల్లో స్కేలు మీద తగ్గేది చాలావరకు ఈ నీళ్లూ గ్లైకోజెనే, కొవ్వు కాదు. గుండె దడ, చేతి వణుకు, వాంతి వచ్చినట్టుండటం, నోరు ఎండటం. నువ్వు రాసిన లక్షణాల జాబితా ఇదే కదా? భయపడినా అవే వస్తాయి, పస్తున్నా అవే వస్తాయి. మెదడు తేడా కనిపెట్టలేక "నేను భయపడుతున్నాను" అని తేల్చేసుకుంటుంది. ఆ మాట నమ్మాక నిజంగానే భయం పుడుతుంది.

పరీక్ష చేసి చూసుకో. ఒక ఆదివారం కడుపు నిండా తిని, నీళ్లు తాగి, 75 కేజీల మీదే ఉండి, మీ సెంటర్లో పోటీలాగే పెట్టించుకో. ముగ్గురిని రిఫరీలుగా కూర్చోబెట్టు, గడియారం పెట్టు, స్నాచ్ మూడు, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత నెత్తి మీదికి) మూడు. ఆ రోజు చేతులు ఎంత వణికాయో, పోటీ రోజు ఎంత వణికాయో పక్కపక్కన పెట్టి చూడు. నా దగ్గరికి ఇలాంటి బాధతో వచ్చిన కుర్రాళ్లలో చాలామందికి ఈ ఒక్క పరీక్షతోనే సంగతి అర్థమైపోయింది.

ఇప్పుడు కేటగిరీ మాట. పైకి వెళ్తే ఓడిపోతానేమో, అక్కడివాళ్లు పెద్దవాళ్లు కదా అని నీకు అనుమానం రావచ్చు. మన పక్క ఊరి చరిత్రే చూడు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 1994, 1995లో 54 కేజీల విభాగంలో ప్రపంచ ఛాంపియన్. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో 63 కేజీల్లో వెండి పతకం. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమె దిగింది 69 కేజీల్లో. స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కేజీలు లేపి కంచు పతకం తెచ్చింది, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. ఒంటి బరువు పెరిగినా పతకం ఆగలేదు. ఇరవై ఏళ్ల కుర్రాడి ఒళ్లు ఇంకా నిండుతూనే ఉంటుంది, దాన్ని పద్దెనిమిదేళ్లనాటి కేటగిరీలో కుక్కి కూర్చోబెడితే కండ ఎక్కడ పెరుగుతుంది? అసలు కేటగిరీలే శాశ్వతం కావు, 2018లో మారాయి, 2025 జూన్‌లో మళ్లీ మారాయి. 71 తర్వాతది 79. నువ్వు 75తో మొదలుపెట్టి, రెండేళ్లలో మెల్లగా 78 దాకా నిండు. మొదటి ఏడాది పతకం రాకపోవచ్చు, అది ఒప్పుకునే దిగాలి.

"పెద్ద పెద్ద ఆటగాళ్లు దించుతున్నారు కదా సార్" అని కుర్రాళ్లు నన్ను అడుగుతుంటారు. నిజమే. 2024 పారిస్‌లో కుస్తీ వీరుడు అమన్ సెహ్రావత్ సెమీఫైనల్ అయ్యాక 61.5 కేజీలున్నాడు, పది గంటల్లో 4.6 కేజీలు దించి 57 కేజీల విభాగంలో కంచు గెలిచాడు. ఆ రాత్రంతా అతని పక్కన కోచ్‌లు మేలుకుని ఉన్నారు. నీ పక్కన ఎవరుంటారు? అదే పారిస్‌లో వినేశ్ ఫోగట్‌కి అంత బృందమూ ఉండి కూడా 100 గ్రాములు తగ్గక ఫైనల్ పోయింది. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్లు కొన్ని వారాల వ్యవధిలో చనిపోయారు. వేడి గదుల్లో రబ్బరు సూట్లు తొడుక్కుని కసరత్తు చేసి నీళ్లు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత అక్కడి కాలేజీ పోటీల్లో ఆ సూట్లు, ఆవిరి గదులు నిషేధించారు. మన ఏప్రిల్, మే ఎండల్లో ప్లాస్టిక్ కవరు చుట్టుకుని పరుగెత్తడం అంతకు తక్కువేమీ కాదు. ఎక్కడైనా అలా పరిగెడుతున్న కుర్రాడు కనబడితే దయచేసి ఆపండి, కోచ్‌లకు కూడా ఇదే నా విన్నపం.

ఇక సిగ్గు సంగతి. దీని గురించి మగపిల్లలు అసలు నోరు విప్పరు. ఆడపిల్లలనైతే కనీసం అమ్మో అక్కో అడుగుతారు. మగపిల్లాడు "నా ఒళ్లు నాకు నచ్చట్లేదు" అంటే ఇంట్లో నవ్వుతారు, గ్రౌండులో పేరు పెడతారు. అందుకని లోపలే దాచుకుంటారు. నువ్వు రాసినందుకు సంతోషం, నిజంగా.

నాకు తెలిసిన ఒక కబడ్డీ కుర్రాడు మంచి రైడర్, కాళ్లలో మెరుపు. నాగావళిలో అందరూ చొక్కాలు విప్పి దూకితే వీడు మాత్రం బనియన్‌తోనే దిగేవాడు. ఎనిమిదో తరగతిలో ఎవరో ఛాతీ గురించి ఏదో అన్నారట, అది మనసులో ఉండిపోయింది. మ్యాచ్‌లో రైడ్‌కి వెళ్లేముందు జెర్సీని ముందుకు లాక్కునేవాడు, ఒంటికి అంటుకోకుండా. అవతలి జట్టులో ఒకడు అది కనిపెట్టి ఆ మాటే అంటూ ఏడిపించాడు. ఆ రోజు వాడి ఆట చూడలేకపోయాం. ఇన్నేళ్లు ఆడినవాడికి కోర్టులో గీత ఎక్కడుందో తెలియలేదు. ఒంటి గురించి సిగ్గు ఉన్నవాడి దృష్టి రెండుగా చీలిపోతుంది. ఒక కన్ను ఆట మీద, ఇంకో కన్ను తన మీద. లిఫ్టింగ్‌లో అయితే ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే స్నాచ్ మొత్తం రెండు మూడు సెకన్ల పని. బార్ మోకాలు దాటేటప్పుడు నీ ధ్యాస పొట్ట మీద ఉంటే 97 కూడా పోతుంది.

ఆర్మీ సెలక్షన్లకి వెళ్లే మన ఊళ్ల కుర్రాళ్లలోనూ ఇదే చూశాను. 1.6 కిలోమీటర్ల పరుగు దర్జాగా పూర్తి చేస్తారు. తర్వాత చొక్కా విప్పి వరుసలో నిలబడి ఛాతీ కొలిపించుకునే దగ్గర వణుకుతారు. గాలి నిండా పీల్చి ఛాతీ పెంచి చూపించాలి, టెన్షన్‌లో ఊపిరి పైపైనే ఆడుతుంది, పెరగాల్సిన సెంటీమీటర్లు పెరగవు. వాళ్లకి నేను చెప్పే మందు ఒకటే: నెల ముందు నుంచి రోజూ గ్రౌండులో చొక్కా విప్పి, తోటివాళ్ల ముందు టేపుతో కొలిపించుకోవడం. మొదటి వారం ఇబ్బంది, మూడో వారానికి ఎవరూ పట్టించుకోరు. నీకూ ఇదే మందు.

కాస్ట్యూమ్ పోటీ రోజుకి దాచిపెట్టకు. వారంలో రెండు రోజులు ప్రాక్టీస్ కాస్ట్యూమ్‌లోనే చెయ్యి. మొదట తెల్లవారుజామున ఎవరూ లేనప్పుడు, తర్వాత తోటి లిఫ్టర్ల ముందు, తర్వాత సాయంత్రం ఊళ్లోవాళ్లు వచ్చి చూసే వేళ. ఒక్కో మెట్టు దగ్గర సిగ్గు సగానికి తగ్గేదాకా ఆగి, అప్పుడు తర్వాతది. ఇంకో మాట, కాస్ట్యూమ్ కింద కాలర్ లేని పొట్టి చేతుల టీషర్ట్ వేసుకోవడానికి రూల్స్ ఒప్పుకుంటాయి. చాలామందికి తెలియదు. మొదట్లో అది వేసుకో, తప్పేమీ లేదు.

ఫోన్‌లో చూసే బాడీల గురించి కూడా చెప్పాలి. ఆ ఫొటో తీసేముందు ఆ మనిషి వారాలుగా తిండి తగ్గించి ఉంటాడు, కసరత్తు చేసి కండలు ఉబ్బినప్పుడే క్లిక్ మనిపిస్తాడు, పైనుంచి లైటు పడేచోట నిలబడతాడు. స్టేజీ మీద బాడీబిల్డర్ గీతలు గీతలుగా కనిపించే రోజు అతను బలంలో అడుగున ఉన్న రోజు. ఆ రోజు అతన్ని బార్ దగ్గరికి పిలిస్తే కళ్లు తిరిగి పడిపోగలడు. లిఫ్టర్‌కి కావాల్సింది నిండైన నడుము. బార్ నెత్తి మీదున్నప్పుడు ఆ బరువుని నేల దాకా మోసేది నడుమూ పొట్టా చుట్టూ ఉన్న కండరాలే. లోపల గాలి బిగబట్టి పొట్టను గట్టిపరిస్తేనే వెన్నెముక నిలుస్తుంది. ఆ పొట్టనే నువ్వు దాచుకోవాలనుకుంటున్నావు. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో కసరత్తు నేర్పిన కోడి రామమూర్తి నాయుడు గారిని నూరేళ్ల తర్వాత కూడా తలుచుకుంటున్నాం. గొలుసులు తెంచాడని, ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకున్నాడని చెప్పుకుంటాం. ఆయన పొట్ట మీద గీతలు ఎన్ని ఉండేవని ఎవరైనా అడిగారా?

ఛాతీ గురించి నువ్వు పేరు చెప్పకుండా రాశావు, నేను చెబుతాను. కుర్రవయసులో హార్మోన్ల మార్పు వల్ల మగపిల్లలకి ఛాతీ దగ్గర వాపు (గైనకోమాస్టియా అంటారు) రావడం చాలా మామూలు. చాలామందికి రెండేళ్లలో దానంతట అదే తగ్గుతుంది. నీకు ఇరవై దాటుతున్నా ఉంటే, చనుమొన వెనక గట్టిగా గడ్డలాగా తగిలినా, నొప్పి ఉన్నా జనరల్ సర్జన్‌కి చూపించు. అది కొవ్వో, గ్రంథి వాపో ఆయన చేత్తో చూసి చెప్పగలరు, అవసరమైతే స్కాన్ రాస్తారు. ఏళ్ల తరబడి దాచుకునే బాధ ఒక్క ఓపీ చీటీతో తేలిపోవచ్చు.

అద్దం సంగతి మాత్రం జాగ్రత్తగా గమనించుకో. అద్దం ముందు గంటలు గడపడం, లేదా దాన్ని పూర్తిగా తప్పించుకోవడం. పెద్దగా కనబడాలని చొక్కా మీద చొక్కా వేసుకోవడం. జిమ్ పోతుందని పెళ్లిళ్లు, పండగలు మానేయడం. ఎంత కండ పెరిగినా "ఇంకా బక్కగానే ఉన్నాను" అనిపించడం. ఇవన్నీ కలిసి నెలల తరబడి ఉంటే దానికి వైద్యశాస్త్రంలో మజిల్ డిస్మార్ఫియా అని పేరుంది. 1993లో అమెరికా పరిశోధకులు బాడీబిల్డర్లలో దీన్ని గుర్తించి రాశారు, 1997లో ఈ పేరు పెట్టారు, 2013లో మానసిక వైద్యుల పుస్తకంలోకి ఎక్కింది. అంటే ఇది నిజమైన జబ్బు, దానికి చికిత్స ఉంది, మాటలతో చేసే థెరపీ, అవసరమైతే మందులు. నీకు ఉందని నేను అనట్లేదు, దూరం నుంచి చెప్పకూడదు కూడా. లక్షణాలు పోల్చుకోమంటున్నాను.

ఇప్పుడు ఆ టాబ్లెట్లు. ఇక్కడ నేను కాస్త కోపంగానే రాస్తాను.

జిమ్‌లో ‘కటింగ్’ పేరుతో అమ్మేవాటిలో సాధారణంగా మూడు రకాలుంటాయి. ఒకటి క్లెన్‌బ్యుటెరాల్, ‘క్లెన్’ అంటారు, ఆస్తమా మందుల కోవకు చెందింది. అది వేసుకుంటే గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం. నువ్వు ఏ బాధ పోవాలని అడుగుతున్నావో సరిగ్గా ఆ బాధనే తెచ్చిపెట్టే మాత్ర అది! రెండోది ఫ్యూరోసెమైడ్, లాసిక్స్ అని దొరుకుతుంది, గుండె, కిడ్నీ రోగులకి నీరు లాగడానికి డాక్టర్లు రాసేది. ఒంట్లో పొటాషియం పడిపోయి తిమ్మిర్లు పడతాయి, గుండె లయ తప్పొచ్చు. మూడోది స్టానోజొలాల్ లాంటి స్టెరాయిడ్లు. ఈ మూడూ డోపింగ్ నిషేధ జాబితాలో ఉన్నాయి, పోటీ ఉన్నా లేకపోయినా ఏ రోజైనా నిషేధమే. పట్టుబడితే నాలుగేళ్ల దాకా ఆట బంద్. "నాకు తెలియదు, ఇంకెవరో ఇచ్చారు" అంటే చెల్లదు, నీ ఒంట్లో ఏముందో దానికి నీదే పూచీ అని రూలు.

ఒక కుర్రాడు ఉండేవాడు, లేబుల్ లేని డబ్బాలో పొడి తెచ్చుకున్నాడు. మూడు నెలల్లో భుజాలు పెరిగాయి, ఊళ్లో అందరూ మెచ్చుకున్నారు. మానేశాక దిగులు పట్టుకుంది, మంచం దిగేవాడు కాదు. స్టెరాయిడ్లు బయటి నుంచి వస్తుంటే ఒళ్లు తన సొంత టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) తయారీ ఆపేస్తుంది, వృషణాలు చిన్నవవుతాయి. ఆపాక ఆ తయారీ మళ్లీ పుంజుకోవడానికి నెలలు పడుతుంది. పైగా ఛాతీ దగ్గర వాపు తెచ్చేవాటిలో ఇవి ముందుంటాయి. సిగ్గు పోవాలని మొదలుపెట్టినవాడికి ఇంకో సిగ్గు మిగిలింది. వాడిని వాళ్ల అమ్మ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది, ఏడాది పట్టింది మనిషవడానికి.

తిండి తగ్గించి ప్రాక్టీస్ పెంచుకుంటూ పోయినా దాదాపు ఇదే చోటికి చేరతారు. ఒంటికి చాలినంత తిండి లేకుండా కసరత్తు చేస్తే హార్మోన్లు పడిపోతాయని, ఇది ఆడవాళ్లకే కాదు మగవాళ్లకీ వస్తుందని 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు చెప్పారు. గుర్తులు: ఎప్పుడూ చలి, తరచూ జలుబు జ్వరం, చిరాకు, ఎముక నొప్పులు, పొద్దున్నే రావాల్సిన అంగస్తంభన రోజుల తరబడి రాకపోవడం. ఈ చివరిది ఏ కుర్రాడూ కోచ్‌కి చెప్పడు. అందుకే ఇక్కడ రాస్తున్నాను, నీకు నువ్వే చూసుకో.

తిండి గురించి పెద్ద రహస్యాలు లేవు. నీ బరువుకి రోజుకి 120 గ్రాముల ప్రొటీన్ దగ్గర్లో చాలు. గుడ్డుకి ఆరు గ్రాములు, మిగతాది పప్పు, చేప, కోడి, పాలు, పెరుగు, వేరుశనగ. పొద్దున చోడి (రాగి) అంబలి మంచిది, అన్నం మానాల్సిన పనే లేదు. పోటీ రోజు వెయిట్ అయిపోగానే ఓఆర్ఎస్ గుటకలు గుటకలుగా, రెండు ఇడ్లీ, అరటిపండు. నూనె వస్తువులు ఆ పూట వద్దు.

ఇవి సరిచేసుకున్నాక మిగిలే అసలు పోటీ టెన్షన్‌కి నేను నేర్పేవి చెబుతాను.

మొదటి అటెంప్ట్ నీ చెడ్డ రోజుని బట్టి పెట్టుకో. జ్వరం వచ్చి లేచిన రోజు కూడా లేపగలిగే బరువు ఏది? 105 నీ బెస్ట్ అయితే మొదటిది 93 రాయించు. లిఫ్టింగ్‌లో బార్ మీద బరువు పెరుగుతుందే గానీ వెనక్కి తగ్గదు. మొదటిది పోతే అదే బరువుకో పై బరువుకో దిగాలి, మూడూ పోతే టోటలే ఉండదు. లిఫ్ట్ సరైనదని ముగ్గురు రిఫరీలు వేసే తెల్ల లైట్లు మొదటిసారి వెలిగాక నీ ఒళ్లే నీ మాట వింటుంది. చాలామంది కుర్రాళ్లు పక్కవాడు ఎంత రాయించాడో చూసి తమ కార్డు మార్చుకుంటారు. అలా మార్చకు.

పేరు పిలిచాక నీకు 60 సెకన్లు. ఆ నిమిషం ఎలా గడుస్తుందో ముందే రాసిపెట్టుకుని, ప్రాక్టీస్‌లో ప్రతి బరువైన లిఫ్ట్‌కీ అదే చెయ్యి. చాక్ రాసుకోవడం, రెండు సార్లు ఊపిరి, ఎడమ కాలు ముందు, బార్ కింద పాదాలు సర్దుకోవడం, ఒకే ఒక్క మాట ("మోచేతులు పైకి" లాంటిది), లాగడం. ఊపిరి లోపలికి నాలుగు లెక్క, బయటికి ఆరు లెక్క. బయటికి వదిలేది పొడవుగా ఉంటే గుండె వేగం తగ్గుతుంది. ఆ నిమిషంలో నీ పని నిండుగా ఉంటే జనం వైపు చూడటానికి తీరిక ఉండదు.

వణుకు వస్తే "తగ్గు, తగ్గు" అని దానితో పోట్లాడకు. 2014లో హార్వర్డ్ పరిశోధకురాలు ఒకరు పాటలు, ప్రసంగం, లెక్కల పరీక్ష ముందు మనుషులని పరిశీలించారు. "నేను ప్రశాంతంగా ఉన్నాను" అనుకున్నవాళ్ల కన్నా "నాకు ఉత్సాహంగా ఉంది" అనుకున్నవాళ్లు మెరుగ్గా చేశారు. ఎందుకంటే దడ ఉత్సాహంలోనూ ఉంటుంది, భయంలోనూ ఉంటుంది. దడని ఆపడం కష్టం, పక్కకి తిప్పడం తేలిక. లిఫ్టర్‌కి కాస్త దడ కావాలి కూడా, చప్పబడిన ఒంటితో బరువు లేవదు. నా కుర్రాళ్లకి "ఒళ్లు రెడీ అయింది" అని పైకి అనమంటాను, గొణుక్కోమని కాదు, వినబడేలా.

నిద్ర గురించి దిగులు వద్దు. పోటీ ముందురోజు రాత్రి ఎవరికీ సరిగా పట్టదు. ఒక్క రాత్రి నిద్ర చెడితే ఒకటి రెండు లిఫ్టుల బలం పెద్దగా తగ్గదు. అంతకు ముందు వారమంతా బాగా పడుకోవడం ముఖ్యం. పడుకుని ఫోన్‌లో ఎదుటివాళ్ల లిఫ్టులు చూడటం మాత్రం మానెయ్యి.

"మగాడికి భయమేంటి" అన్న మాట నిన్ను గుచ్చుతోందని అర్థమైంది. విరాట్ కోహ్లీ అంతటివాడు 2014 ఇంగ్లండ్ పర్యటనలో డిప్రెషన్‌తో కుమిలిపోయానని, పొద్దున లేస్తే పరుగులు చేయలేనేమోనన్న దిగులుండేదని తర్వాత తానే చెప్పాడు. అతన్ని పిరికివాడని ఎవరంటారు? తిరిగొచ్చి ఆడాడు, దాచుకోకుండా చెప్పుకున్నాడు. పోటీలు లేని రోజుల్లో కూడా దిగులు వదలకపోయినా, తిని కక్కుకోవడం మొదలైనా, బతుకు మీద విసుగు కలిగినా ఇక కోచింగ్‌తో పని కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చెయ్యి, ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంటుంది, విశాఖలో ప్రత్యేకంగా మానసిక ఆసుపత్రే ఉంది. చీటీ రాయించుకోవడానికి సిగ్గుపడాల్సింది లేదు.

ఇక నాన్నగారికి ఎలా చెప్పాలో చూద్దాం. ఆయనతో వాదించకు. పైన చెప్పిన ఆదివారం పోటీకి ఆయన్ని పిలువు, కుర్చీ వేసి రిఫరీల్లో ఒకరిగా కూర్చోబెట్టు. కడుపు నిండా తిన్న కొడుకు ఎలా లేపుతాడో ఆయన కళ్లారా చూడాలి. తర్వాత ఆ సాయంత్రమే "నాన్నా, నేను తిండి మాని పోటీకి వెళ్తున్నాను, అందుకే వణుకుతున్నాను" అని ఒక్క ముక్క చెప్పు. మన ఊళ్లలో తండ్రులకి భయం అంటే కోపం వస్తుందేమో గానీ, బిడ్డ పస్తున్నాడంటే తట్టుకోలేరు.

మీ కోచ్‌తో ఈ వారమే మాట్లాడు. ఎంట్రీలు పంపేటప్పుడు కేటగిరీ 79 అని రాయించాలి, ఆఖరి తేదీ దాటాక మార్చడం కుదరకపోవచ్చు. పతకం లెక్క చూసి ఆయన కాదంటే, పైన చెప్పిన పరీక్ష రోజు లిఫ్టులు కాగితం మీద రాసి చూపించు. అప్పటికీ ఒప్పుకోకపోతే ఇక్కడ మళ్లీ రాయి, ఆయనతో ఎలా మాట్లాడాలో ఆలోచిద్దాం.